నీళ్ల పథ్యం

నాగయ్య నీళ్లు తాగడం చూడాలంటే ఒకప్పుడు సాగర్ కాలువ గట్టున చూడాలి. గొర్రెలను గట్టు మీద వదిలి, తలగుడ్డ విప్పి పక్కన పెట్టి, మోకాళ్ల మీద వంగి దోసిలి పట్టి తాగేవాడు. మూతి తుడుచుకుని లేచినట్టే లేచి మళ్లీ వంగేవాడు. పక్కన నీళ్లు తాగే బర్రె తలెత్తి చూసేది, నాకు పోటీగా ఎవడొచ్చాడా అని. బోరు కనబడితే బోరు, చేతిపంపు కనబడితే చేతిపంపు, ఎవరి పొలంలో మోటారు నడుస్తుంటే వారి మోటారు. నీళ్లకు కులమేమిటి, రుచేమిటి అనేవాడు.

"నీ కడుపుల చెరువున్నదా ఏందయ్యా" అని పద్మమ్మ నవ్వేది.

ఆ కాలువకు నీళ్లు వదలని ఏడాది ఒకటి వచ్చింది. త్రిపురారం చుట్టుపక్కల మళ్లన్నీ నెర్రెలు బారాయి. గొర్రెలు గడ్డి వెతుక్కుంటూ దూరం పోయాయి, వాటి వెనక నాగయ్యా పోయాడు. పొద్దంతా నెత్తిన ఎండ, నాలుక అంగిట్లో అతుక్కుపోవడం, పొద్దుగూకేటప్పుడు ఎవరి బోరు దగ్గరో ఇన్ని తాగడం. అట్లా ఎండాకాలమంతా గడిచింది. ఆ ఎండాకాలమే నడుములో పోటు మొదలై గజ్జల్లోకి దిగింది. కాన్పు నొప్పులు మగవాడికి రావని ఎవరన్నారో గానీ, ఆ రోజు నాగయ్య పొర్లిన పొర్లుడు చూస్తే మాట వెనక్కి తీసుకునేవారు. మిర్యాలగూడలో స్కానింగ్ తీసి కిడ్నీలో రాయి అన్నారు. అది మందులకు పడిపోయింది. మరుసటేడు ఇంకొకటి వచ్చింది. అది పడలేదు, లోపలికి గొట్టం పెట్టి తీశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నిలబడే ఒక మాట చెప్పాడు. "నీళ్లు బాగా తాగు పెద్దాయనా, లేకపోతే మళ్లీ వస్తాయి" అని పక్క మంచం దగ్గరకు నడిచాడు.

మళ్లీ వస్తాయన్న మాటే పద్మమ్మ గుండెల్లో దిగబడింది.

పద్మమ్మ రోజూ పాల క్యాను పట్టుకుని మొదటి ఆటోలో మిర్యాలగూడ వెళ్లేది. బజారులో నర్సింగరావు వడ్ల దుకాణం, దాని వెనకే ఇల్లు. ఆయన భార్య మంగకు పాలు పోయడం ఏళ్ల నాటి వాడుక. మంగ మంచి మనిషి. పాలు పోయించుకుని పంపించే రకం కాదు, కూర్చోబెట్టి చాయ్ పోసి ఇంటి సంగతులన్నీ అడిగేది.

"మీ ఆయనకు ఏ నీళ్లు పోస్తున్నవ్ పద్మమ్మా?"

"బోరు నీళ్లే సావుకారమ్మా. మాకింకేం నీళ్లుంటయ్."

"అదే మరి. బోరు నీళ్లల్ల సున్నముంటది. పొయ్యి మీది గిన్నె అడుగున తెల్లగ పట్టది? కడుపుల గూడ గట్లనే పడ్తది. పేరుకుంటె రాయి గాక ఏమైతది? మా ఆయనకు రాయొచ్చినంక ఫిల్టర్ ప్లాంటు నీళ్లు తప్ప ఒక్క సుక్క వేరేవి ముట్టనియ్యలే. మళ్ల రాలె. నీ మంచికే చెప్తున్న."

ఆమె అబద్ధం చెప్పలేదు. నర్సింగరావుకు నిజంగానే మళ్లీ రాలేదు. గద్దె మీద కూర్చుంటే ఆయన మోచేతి పక్కనే స్టాండు, స్టాండు మీద క్యాను, క్యానుకు కుళాయి. నెత్తిన ఫ్యాను. బేరం కుదిరితే ఒక గ్లాసు, కుదరకపోతే ఇంకో గ్లాసు. పద్మమ్మ పాలు పోసి వస్తూ ఆ క్యానును రోజూ చూసేది. క్యాను చూసింది గానీ అది ఎంత తొందరగా ఖాళీ అవుతుందో చూడలేదు.

మన దగ్గర ఒక పట్టింపు ఉంది. మందు ఎవడైనా ఇస్తాడు, పథ్యంలోనే పస ఉంటుంది అంటారు. కామెర్లకు పసరు పోసినవాడు నూనె ముట్టొద్దంటాడు, కుక్క కరిస్తే ఆకు ఇచ్చినవాడు కోడి తినొద్దంటాడు. ఏదో ఒకటి మానమని చెప్పనివాడు వైద్యుడే కాదు. 'బాగా తాగు' అన్న డాక్టరు మాటలో మానేదేమీ లేదు, అందుకని అది ఒక చెవిలో దూరి ఇంకో చెవిలోంచి పోయింది. 'వేరేవి ముట్టొద్దు' అన్న మంగ మాట పథ్యంలా ఉంది. పద్మమ్మ దాన్ని కొంగున కట్టుకుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో నాగయ్యకు ఒక క్యాను వేరు. పొద్దున్నే దాంట్లోంచి ఒక సీసా నింపి తడిగుడ్డ చుట్టి ఆయన భుజానికి తగిలించేది.

"గివి తప్ప ఏవీ నోట్ల పోసుకోకు. నా మీద ఒట్టు."

"ఒడ్సిపోతే?"

"జర సూసి తాగు. ఇంటికొచ్చినంక తాగుదువు."

భుజం మోసేది ఒక్క సీసానే. మందతో తిరిగేవాడు రెండు మోస్తే గొర్రెపిల్లను ఎక్కడ మోస్తాడు? మధ్యాహ్నం కాకముందే సీసా అడుగంటేది. కాలువ పక్కనే పారుతుంటే గొర్రెలు తాగేవి, నాగయ్య వాటిని చూస్తూ నిలబడేవాడు. ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? "ఓ ఫిల్టర్ నాగయ్యా, అల్లునోలె సీసా పట్కొని పెండ్లికొచ్చినవా" అని విందుల్లో ఆటపట్టించేవారు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. మొండివాడు, ఒకరి మాట వినేవాడు కాదు. అయినా ఈ ఒక్క మాట విన్నాడు. ఆ నొప్పికి భయపడ్డాడు. పెళ్లాం వేసిన ఒట్టుకూ భయపడ్డాడు.

"మూత్రం పసుపునీళ్ల లెక్క వస్తాందే, మంటగుంటాంది" అని ఒకసారి అన్నాడు.

"ఎండల తిరిగితివి, వేడి చేసింది" అని పద్మమ్మ తలకు ఆముదం పెట్టింది.

రెండేళ్లు పోటు రాలేదు. ఎవరికి రాయి వచ్చిందన్నా పద్మమ్మ పోయి చెప్పేది, మా ఆయన్ను నేనెట్లా కాపాడుకున్నానో చూడండి అని. ఆ రెండేళ్లూ లోపల ఏం జరుగుతోందో పైకి తెలియలేదు.

ఈ యాసంగి కోతలయ్యాక నాగయ్య, పద్మమ్మ తమ్ముడు బీరయ్య కలిసి మందను కోదాడ దిక్కు తోలుకుపోయారు. ఏటా పోయేదే. కోసిన మళ్లలో గొర్రెలు గడ్డి దంట్లు మేస్తాయి, రాత్రిపూట ఆ పొలంలోనే మంద పెడతారు. ఆ ఎరువుకు రైతు ఇన్ని వడ్లు కొలుస్తాడు, మంద ఉన్నన్నాళ్లూ కాపరులకు బువ్వా నీళ్లూ రైతు ఇంటివే. మాట ముందే అట్లా అనుకుంటారు.

అక్కడ వాళ్లు మంద పెట్టిన పొలం రైతు భార్య రేణుకమ్మ. గంపలో అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు, బిందెడు నీళ్లు పొలానికి తెచ్చేది. నాగయ్య అన్నం తిన్నాడు, తొక్కు నంజుకున్నాడు, నీళ్లు మాత్రం ముట్టలేదు. పొద్దున ఊళ్లో ప్లాంటు దగ్గర నింపుకున్న సీసాలో అడుగున మిగిలిన గుక్కెడే తాగి మూత బిగించాడు.

రేణుకమ్మ చూసింది. మర్నాడూ అంతే. ఆమెకు కోపం వచ్చింది.

"ఏంటయ్యా, మా ఇంటి అన్నం దిగిద్ది గానీ మా నీళ్లు దిగవా? బిందెలో ఏమన్నా కలిపి తెచ్చాననుకున్నావా?"

"అట్ల గాదమ్మా. నాకు కిడ్నీల రాళ్లు. బోరు నీళ్లు ముట్టొద్దని పథ్యం."

"మేమంతా తాగుతున్నాం, మాకెవరికీ లేని రాళ్లు నీకే వచ్చాయా? మీ దిక్కు మనుషులకు మరీ ఇంత పట్టింపులైతే మంద వేరే పొలానికి తోలుకోండి."

బీరయ్య తలపట్టుకున్నాడు. అక్కకు ఫోన్ చేసి సంగతంతా చెప్పి, "అక్కా, ఈడి ప్లాంటు పొద్దుగాల జరసేపే నడుస్తది, ఒక్క సీసానే దొర్కుతాంది. బావ పెదాలు పగిలినయ్. గొర్లెంట నడ్వలేక గట్టు మీద కూసుంటాండు. నువ్వన్న చెప్పు, గీ నీళ్లు తాగమని" అన్నాడు. ఫోన్ నాగయ్యకిచ్చాడు.

"ఓ పద్మా. బగ్గ దూపైతాందే. నీళ్లు మంచిగనే ఉన్నట్టున్నయ్. తాగన్నా?"

అడిగింది నీళ్ల కోసమే. పదేళ్ల పిల్లవాడు తల్లిని అడిగినట్టు అడిగాడు. పద్మమ్మకు ఆ దవాఖాన మంచం, ఆ పొర్లుడు కళ్ల ముందు తిరిగాయి.

"ఒద్దయ్యా. ఇన్నాళ్లు పట్టినవ్, గింత దానికి చెడగొట్టుకుంటవా? ఓర్సుకో. మన సతీష్‌తోని క్యాన్లు పంపిస్త."

కొడుకు సతీష్ మిర్యాలగూడలో మిల్లు లారీ నడుపుతాడు. ఆ వారం లారీ అటు పోలేదు. క్యాన్లూ పోలేదు.

తరువాత ఫోన్ చేసింది మళ్లీ బీరయ్యే. బావకు నిన్నటి నుంచి మూత్రం బొట్టు రాలేదని, వాంతులవుతున్నాయని, మొహం ఉబ్బిందని. రేణుకమ్మ మొగుడే ఆటో పిలిచి కోదాడ తీసుకుపోయాడట. అక్కడివాళ్లు చూసి, ఇక్కడ ఆపితే లాభం లేదు, సూర్యాపేట పొండి అన్నారట. మాట అన్న రేణుకమ్మ కూడా ఆటో వెంట రోడ్డు దాకా వచ్చి కళ్లొత్తుకుందట.

సూర్యాపేట దవాఖానలో పద్మమ్మ, కోడలు విజయ చేరేసరికి నాగయ్యను లోపలికి తీసుకుపోయి గొట్టం వేశారు. బయట బల్ల మీద కూర్చుని పద్మమ్మ తెలిసిన దేవుళ్లందరినీ పిలిచింది. మూత్రం సంచిలో ఎర్రగా కొంచెం, తరువాత పచ్చగా ఇంకొంచెం పడ్డాక డాక్టరమ్మ పిలిపించింది. చిన్న వయసు, గట్టి గొంతు. స్కానింగ్ ఫొటో దీపానికి అడ్డంగా పెట్టి చూపించింది.

"ఇది ఎడమ కిడ్నీ. రాయి ఎప్పటినుంచో అడ్డం పడి ఇది ఎండిపోయింది. ఇక పనికిరాదు. ఇది కుడిది. ఇన్నాళ్లూ ఈ ఒక్కదాంతో నడిచాడు. ఇప్పుడు దీనికీ రాయి అడ్డం పడింది. గొట్టం వేశాం కాబట్టి ప్రాణం దక్కింది. దెబ్బ మాత్రం తిన్నది. ఇంకోసారి ఇలా అయితే డయాలసిస్సే."

"నొప్పన్న లేకపాయె గదమ్మా."

"అన్ని రాళ్లూ నొప్పి పెట్టవు. రోజుకు ఎన్ని నీళ్లు తాగుతాడు?"

పద్మమ్మకు ధైర్యం వచ్చింది. ఈ లెక్కలో తప్పు పట్టేదేమీ లేదనుకుంది. "ఫిల్టర్ నీళ్లేనమ్మా. రెండేండ్ల సంది వేరే నీళ్లు సుక్క ముట్టనియ్యలే. పొద్దుగాల సీసా నింపిస్త, గవ్వే పొద్దుమీకిందాక."

"ఒక్క సీసా? ఎండలో, గొర్రెల వెంట?"

"అవునమ్మా. గీ పారి కోదాడ దిక్కున ఆ రైతోళ్లు బలిమి చేసిన్రు, అయినా తాగలే. నేనే ఒద్దన్న."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"అమ్మా, ఫిల్టర్ నీళ్లు మంచివే. మీ దిక్కు బోరుల్లో ఫ్లోరైడ్ ఉంటుంది, ఎముకలకు చెరుపు. ఇంట్లో అవే తాగండి. కానీ రాళ్లు ఏ నీళ్లు తాగాడన్న దాంతో కాదు, తక్కువ తాగడంతో వచ్చాయి. ఎండలో తిరిగేవాడికి ఒంట్లో నీరంతా చెమటకు పోతుంది, మూత్రం చిక్కబడుతుంది, చిక్కబడితే రాయి కడుతుంది. దొరికినచోట దొరికిన తాగునీళ్లు తాగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

తరువాత చెప్పినవన్నీ పద్మమ్మ ఒక్కటీ వదలకుండా విన్నది. దప్పిక అయ్యేదాకా ఆగొద్దు, మూత్రం నీళ్లలా తేటగా వచ్చేట్టు పొద్దంతా తాగుతూ ఉండాలి. ఉప్పు, తొక్కులు తగ్గించాలి. నిమ్మకాయ పిండుకుని తాగొచ్చు. పాలు, మజ్జిగ మానొద్దు. సున్నపు రాయి అని చాలామంది అవి మానేస్తారు, మానితే రాళ్లు ఇంకా పెరుగుతాయి. పసర్లు పొయ్యొద్దు. చదువు రాని మనిషికి చెవులే పలకాబలపం, ఆ మాటలు అక్షరం పోకుండా దిద్దుకుంది.

కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసింది పద్మమ్మ చెయ్యే.

డాక్టరమ్మ మంచం దగ్గరకు వచ్చి నాగయ్యకూ అదే చెప్పింది, నీళ్లు తక్కువై వచ్చిన జబ్బని. చెప్పి వెళ్లాక నాగయ్య చాలాసేపు గోడ వైపు చూశాడు. పద్మమ్మ గ్లాసులో నీళ్లు పోసి నోటికి అందించబోయింది.

"ఆడ పెట్టు."

"జర లేపుతా పట్టుకో..."

"ఆడ పెట్టుమన్న గద. నీ చేతి నీళ్లు తాగినంత కాలం తాగిన. బిందె ముంగట పెట్టుకొని నిన్ను అడిగిన. అడిగిన్నా లేదా?"

"అడిగినవ్."

"ఏమన్నవ్?"

పక్క మంచం మీది మనిషి అటు తిరిగి పడుకున్నాడు. విజయ గ్లాసు అందుకుని, "నేను తాగిస్త, నువ్వు బయట గాలికి కూసో అత్తమ్మా" అన్నది. మామ కోడలి చేతి నీళ్లు తాగాడు.

రాయి తీసి, గొట్టం తీసి ఇంటికి పంపారు. గొర్రెలను బీరయ్య ఒక్కడే కాస్తున్నాడు. నాగయ్య వాకిట్లో మంచం మీద ఉంటాడు. ఎవరు వచ్చినా మాట్లాడతాడు, పద్మమ్మ ఎదురుపడితే మాట ఆపుతాడు. "నీళ్లు తాగినవా" అని ఆమె అడిగితే, "మళ్ల మొదలువెట్టినవా" అంటాడు. ఆమె అడిగిందంటే తాగబోయేవాడు కూడా తాగడం మానేస్తున్నాడు. మిగిలిన ఆ సగం కిడ్నీ నిలబడాలంటే ఆయన తాగాలి. తాగమని చెప్పాల్సిన నోరేమో ఆమెది.

చూడవచ్చినవాళ్లు తలొక మందు చెప్పిపోయారు. ఒకరు కొండపిండి ఆకు, ఒకరు ఉలవకట్టు, ఒకరు రోజుకొక బీరు. ఒకనాడు మంగ కూడా వచ్చింది. త్రిపురారంలో బంధువుల ఇంటికి వచ్చి, కారు పల్లె దాకా తిప్పించి, సంచీ నిండా బత్తాయిలు తెచ్చింది. నాగయ్య లేచి కూర్చోబోయాడు, తలగుడ్డ వెతుక్కున్నాడు. అంతటి సావుకారమ్మ తన వాకిట్లోకి రావడం ఆయనకు పండుగైంది.

"లేవకు నాగయ్యా. మా ఇంటాయన గూడ మస్తు బాధపడ్డడు. ఇగ జాగర్తగుండాలె. సున్నపు రాయట గద నీది? అయితె పాలు బంద్ చెయ్యి. పెరుగు, మజ్జిగ ఏదొద్దు. తెల్లగున్నదంతా సున్నమే. మాకు తెలిసినాయన ఒకాయన గట్లనే మానిండు."

"గట్లనే చేస్త సావుకారమ్మా" అన్నాడు నాగయ్య, చేతులు జోడించి. "రేపటి సంది మజ్జిగ ముట్ట."

పద్మమ్మ గడప దగ్గర నిలబడి వింది. అదే ముఖం, అదే మంచితనం, మోచేతి పక్కన నీళ్లున్న మనిషి ఇంటినుంచి వచ్చిన అదే నీడపట్టు మాట. ఈసారి ఆమెకు తెలుసు.

"మజ్జిగ మానొద్దన్నది డాక్టరమ్మ" అంది. "మానితే ఇంక పెరుగుతయన్నది. నా చెవులతోని విన్న."

"డాక్టర్లు అట్లనే అంటరు పద్మమ్మా, మనోళ్ల అనుభవం..."

"మీ అనుభవం నేనే ఇంటికి మోసుకొచ్చిన సావుకారమ్మా. రెండేండ్లు ఆయనకు పోసిన. ఒక కిడ్నీ ఎండింది. ఇగ మొయ్య. మీరు నీడపట్టున కూసుండి తాగేటోళ్లు, మాది ఎండ. మీ పథ్యం మాకు పనికిరాదు."

మంగ ముఖం చిన్నబోయింది. "నేను చెరుపు కోరి చెప్పిన్నా పద్మమ్మా?" అంది. నిజంగానే కోరలేదు. పద్మమ్మకూ తెలుసు. అది తెలిసినందుకే ఇంకేమీ అనలేకపోయింది. మంగ బత్తాయిల సంచీ మంచం పక్కన పెట్టి కారెక్కింది. మర్నాటి నుంచి పాలు వద్దని కబురు వచ్చింది.

కారు మలుపు తిరగగానే నాగయ్య నోరు తెరిచాడు.

"ఇంటికొచ్చిన లక్ష్మి అసొంటి మనిషిని ఎల్లగొడితివి. చేసిందంతా నువ్వు చేసి ఆమె మీద తోస్తవా? నీ మాట ఇన్నందుకే నేనిట్లయిన. ఇగ జన్మల నీ మాట ఇన. నువ్వు తాగమన్న మజ్జిగ అసలే తాగ."

అన్నంత పనీ చేశాడు. ఆ పూట పద్మమ్మ పెట్టిన మజ్జిగ గిన్నె ఈగలు ముసిరేదాకా అట్లాగే ఉంది. నిమ్మకాయ నీళ్లూ అట్లాగే ఉన్నాయి. మర్నాడూ అంతే.

మూడోనాడు పద్మమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. చల్ల చిలికింది. ఉప్పు వేయకుండా నిమ్మాకు నలిపి వేసి చెంబులో పోసింది. వంటింట్లో విజయను దగ్గరకు పిలిచింది.

"గిది తీస్కపోయి మీ మామకియ్యి. డాక్టరమ్మ ఫోన్ చేసిందని చెప్పు. పూటకో చెంబు మజ్జిగ తాగాలన్నదని, నడ్మ నడ్మ నీళ్లు తాగుతాండా లేదా అని గట్టిగ అడిగిందని చెప్పు."

"ఎప్పుడు చేసింది అత్తమ్మా?"

"చెయ్యలే. చేసిందని చెప్పు. నా పేరు ఎత్తకు. నేను ఇంట్ల లేనన్నా మంచిదే."

విజయ అత్త ముఖంలోకి చూసి, చెంబు తీసుకుని బయటికి పోయింది. పద్మమ్మ తలుపు చాటున గోడకు ఆనుకుని నిలబడింది. కోడలు చెప్పడం వినబడింది. నాగయ్య "ఫోన్ చేసిందా, ఆమెనే చేసిందా" అని రెండుసార్లు అడగడం వినబడింది. తరువాత గుటకలు. ఆగి, మళ్లీ గుటకలు. చెంబు నేల మీద పెట్టిన చప్పుడు.

"సూడు బిడ్డా," అన్నాడు నాగయ్య, లోపలికి వినబడేట్టు గొంతు పెంచి. "ఎక్కడనో సూర్యాపేటల ఉన్న మనిషి. ముప్పై ఏండ్లు కాపురం చేసిన దానికి లేని పట్టింపు ఆమెకున్నది."

విజయ ఏదో అనబోయింది. పద్మమ్మ తలుపు సందులోంచి చెయ్యి అడ్డంగా ఊపి వద్దంది. కోడలు ఖాళీ చెంబు తెచ్చి ఇచ్చింది. పద్మమ్మ అడుగు దాకా చూసింది, చుక్క మిగలలేదు.

"పొద్దుమీకినంక ఇంకో పారి ఫోన్ చేసిందని చెప్పాలె," అంది, చెంబు కడగడానికి వంగుతూ.